గెలిచినోళ్ళ శాసనంలో మన మంథని

మా పెద్దమ్మ కూతురు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతోంది. పోయిన సెలవుల్లో ఇంటికి పోతే బిట్ల పుస్తకం నా చేతిలో పెట్టి ప్రశ్నలు అడగమంది. కాకతీయుల చాప్టర్‌లో ఒక బిట్ ఇట్లా ఉంది: మంత్రకూట గుండరాజుకు శిరోముండనం చేయించి, అతని రొమ్ము మీద వరాహ ముద్ర వేయించిన కాకతీయ రాజు ఎవరు? నేను ఆప్షన్లు చదవకముందే అక్క "రెండో ప్రోలరాజు, నెక్స్ట్" అనేసింది.

"మంత్రకూటం అంటే ఎక్కడక్కా?"

"అదే, మన మంథని. అడుగు, నెక్స్ట్."

నాకు నెక్స్ట్ అడగబుద్ధి కాలేదు. గోదావరిఖనిలో బస్సెక్కి, సెంటినరీ కాలనీ దాటి, రామగిరి గుట్టలను చూసుకుంటూ పోతే గంటకు అటూ ఇటూగా మంథని వస్తుంది. పుష్కరాలకు పోయాం, పెళ్ళిళ్ళకు పోయాం, గౌతమేశ్వరుడి గుడికి పోయాం. వేదం చదువుకున్న పండితుల ఊరని, పీవీ నరసింహారావు 1957 నుంచి ఇరవై ఏళ్ళు అక్కడి ఎమ్మెల్యే అని తెలుసు. అక్కడొక రాజు ఉండేవాడని, అతనికి గుండు కొట్టించి ఛాతీ మీద పందిబొమ్మ వేశారని మాత్రం ఎవరూ చెప్పలేదు. మన ఏరియాకి కాకతీయుల చరిత్రలో దక్కింది ఒక మార్కు బిట్టు, అదీ ఒక అవమానం గురించి. ఆ బిట్టు వెనక ఏముందో చదవడం అప్పుడు మొదలుపెట్టాను. చదివింది మీకు చెప్తాను.

ముందు ఒక చిన్న అనుమానం తీర్చేస్తా, ఎందుకంటే హాస్టల్‌లో చెప్పగానే అందరూ అడిగింది ఇదే. రామగుండంలోని గుండానికి, ఈ గుండరాజుకి సంబంధం లేదు. మన గుండం నీటి గుండం. రాముడు వనవాసంలో ఇటు వచ్చాడని చెప్పుకునే కథలోది.

ఇక అసలు సంగతి. పన్నెండో శతాబ్దం మొదట్లో కాకతీయులు మనం అనుకునే కాకతీయులు కారు. ఓరుగల్లు కోట లేదు, రామప్ప గుడి లేదు. వాళ్ళ రాజధాని హనుమకొండ. పైన ఉన్న చక్రవర్తి కల్యాణి చాళుక్యుడు. ఆ కల్యాణి ఇప్పుడు కర్ణాటకలోని బీదర్ జిల్లాలో ఉన్న బసవకల్యాణ్. చక్రవర్తి కింద మహామండలేశ్వరులు, మహాసామంతులు ఉండేవాళ్ళు. కాకతీయులు అలాంటి సామంతుల్లో ఒకరు. వాళ్ళకు ఉత్తరాన, గోదావరి దాకా, ఇంకొంతమంది ఉన్నారు. జగిత్యాల దగ్గరి పొలాస అప్పట్లో పొలవాస. అక్కడ మేడరాజు వంశం. మంత్రకూటంలో గుండరాజు. కరీంనగర్ పక్కనే ఉన్న నగునూరులో దొమ్మరాజు. మా భాషలో చెప్పాలంటే చక్రవర్తి అడ్మిన్, మిగిలిన వాళ్ళంతా ఒకే రకం పర్మిషన్లు ఉన్న యూజర్లు. ఎవరూ ఎవరికీ కింద కాదు.

వీళ్ళ మధ్య సంబంధం మొదట్నుంచీ కొట్లాటే అని అనుకోవద్దు. హనుమకొండలో పద్మాక్షి గుట్ట ఉంది కదా, బతుకమ్మలు ఆడే చోటు. అక్కడ 1117 నాటి శాసనం ఒకటుంది. రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ ఆ గుట్ట మీద జైన బసది కట్టించి, దానికి భూమి ఇచ్చింది. అదే బసదికి ఉగ్రవాడి మేళరసు అనే మహామండలేశ్వరుడు కూడా భూమి ఇచ్చాడు. ఈ మేళరసు పొలవాస మేడరాజుల వంశం వాడేనని చరిత్రకారులు అంటారు. అతని వంశం గొప్పలు కూడా ఆ శాసనంలోనే ఉన్నాయి. ఎనిమిది వేల ఏనుగులున్న మాధవవర్మ వంశంలో పుట్టినవాడినని చెప్పుకున్నాడు. కాకతీయుల రాజధానిలో, కాకతీయ మంత్రి భార్య కట్టించిన గుడికి, పక్క రాజ్యం రాజు వచ్చి పొలం రాసిచ్చాడన్న మాట. ఇవాళ పక్కూరి సర్పంచి మన ఊరి గుడికి చందా రాసినట్టు. ఈ మాధవవర్మను, ఆ ఎనిమిది వేల ఏనుగులను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తారు.

గుండరాజు కథ ఉన్నది వేరే శాసనంలో, వేయి స్తంభాల గుడిలో. శక సంవత్సరం 1084 మాఘ శుద్ధ త్రయోదశి, అంటే 1163 జనవరి 19. వేయించింది ప్రోలరాజు కొడుకు రుద్రదేవుడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ కలిపి త్రికూటాలయం కట్టించి, దాంతో పాటే తన తండ్రి విజయాలు, తన విజయాలు సంస్కృత పద్యాల్లో రాయించాడు. రాసిన కవి అచింతేంద్రుడు. దీన్ని ఫ్లీట్ అనే ఇంగ్లీషు పండితుడు 1882లో ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. సిగ్గుపడుతూనే చెప్తున్నా, నేను చదివింది కూడా ఆ ఇంగ్లీషులోనే. గుడి ముందు సెల్ఫీలు దిగినప్పుడు ఆ రాయి పక్కనుంచే నడిచి ఉంటాను.

ఈ శాసనంలో చాళుక్య చక్రవర్తిని మా ప్రభువు అని ఎక్కడా చెప్పుకోలేదు. అందుకే చరిత్రకారులు దీన్ని కాకతీయుల స్వాతంత్ర్య ప్రకటనగా లెక్కేస్తారు. ఇక మేం ఎవరి కిందా లేం అని చెప్పడానికి చెక్కించిన రాయి అది. కాబట్టి అందులో ప్రతి పద్యానికీ ఒక పని ఉంది. ఆ దృష్టితో చదివితే ప్రోలరాజు పట్టుకున్న మనుషుల లిస్టు వింతగా కనిపిస్తుంది.

మొదట తైలపదేవుడు. ఇతను చాళుక్య వంశానికే అలంకారం లాంటివాడని, ఏనుగు నడపడంలో దిట్ట అని కవి పొగుడుతాడు. ప్రోలరాజు అతన్ని యుద్ధంలో క్షణంలో పట్టుకున్నాడు. పట్టుకుని, భక్తితో, ప్రేమతో వదిలేశాడు. ఈ తైలపుడు చక్రవర్తి మూడో తైలపుడా, కందూరును ఏలిన కుమార తైలపుడా అని పండితుల్లో వాదన ఉంది. ఎవరైనా సరే, చక్రవర్తి ఇంటి మనిషి. తర్వాత గోవిందరాజు. అతన్ని కూడా పట్టుకుని వదిలేశాడు. ఉదయరాజుకైతే రాజ్యమే ఇచ్చాడు.

ఆ తర్వాత మంత్రకూటం ప్రభువు గుండడు. ఇతని దగ్గరికి వచ్చేసరికి కవి గొంతు మారిపోతుంది. మర్యాద లేదు, పొగడ్త లేదు. పట్టుకున్నారు, తల గొరిగించారు, రొమ్ము మీద వరాహం గుర్తు వేశారు. ఆ తర్వాత అతనికి ప్రాణం కూడా దక్కలేదని చరిత్రకారులు చెప్తారు.

ఒకే రాజు, ఒకే శాసనం. ఒకరికి భక్తితో విడుదల, ఇంకొకరికి గుండు. ఎందుకు?

ప్రోలరాజుకు గుండరాజు మీద ఏదో సొంత పగ ఉందనుకోవచ్చు. నాకైతే లెక్క వేరే అనిపిస్తుంది. చక్రవర్తిని చంపితే ప్రోలరాజుకు ఏమీ రాదు. పైగా మహామండలేశ్వరుడు అన్న బిరుదు వచ్చిందే ఆ ఇంటి నుంచి. బిరుదు ఇచ్చిన ఇంటిని అవమానిస్తే బిరుదు విలువే పడిపోతుంది. మంత్రకూటం ప్రభువు అట్లా కాదు. దాదాపు తనంతటి వాడు, తన పక్కనే ఉన్నవాడు, గోదావరి రేవులు చేతిలో ఉన్నవాడు. రేపు చక్రవర్తి బలహీనపడితే ఆ ఖాళీలోకి ఎవరు ఎక్కుతారన్న పోటీ ఇలాంటి ఇద్దరి మధ్యే ఉంటుంది. మన బ్రాంచిలో టాపర్‌కి ప్రిన్సిపాల్ సార్‌తో గొడవ ఉండదు, రెండో ర్యాంకు వాడితోనే ఉంటుంది.

వేసిన శిక్ష కూడా ఈ కోణంలో చూస్తే అర్థమవుతుంది. వరాహం చాళుక్యుల ముద్ర. విష్ణువు వరాహావతారం వాళ్ళ జెండా మీద, రాగి శాసనాల మీద ఉండేది. తర్వాత విజయనగరం కాలంలో బంగారు నాణేన్నే వరాహం అన్నారంటే ఆ బొమ్మకు ఎంత విలువో చూడండి. కాకతీయులూ అదే వరాహాన్ని తమ లాంఛనంగా పెట్టుకున్నారు. గుండరాజు కూడా అదే చక్రవర్తి నీడలో ఉన్న ప్రాంతం వాడు. జెండా మీద ఉండాల్సిన బొమ్మను మనిషి ఒంటి మీద వేశారు. పశువులు ఎవరివో తెలియడానికి వాత పెడతారు కదా, అట్లా. నువ్వు నా పక్కవాడివి కాదు, నా సొత్తువి అని చెప్పడం అది. ఆ గుర్తు చాళుక్యుల పేరు మీద వేశారా, కాకతీయుల పేరు మీద వేశారా అన్నది పద్యంతో తేలదు. ప్రోలరాజుకు అప్పటికి ఆ రెండింటి మధ్య తేడా చూపించాల్సిన అవసరం లేకపోయి ఉండొచ్చు.

ఈ కవి మాట ఎంతవరకు నమ్మాలి అని మీకు డౌట్ రావాలి. నాకూ వచ్చింది. ఇదే శాసనంలో రుద్రదేవుడి భయానికి తైలపుడు అతిసారం పట్టి చచ్చిపోయాడని కూడా ఉంది. రాతి మీద చెక్కించిన విరేచనాల ముచ్చట ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు! ఇంత దూరం పోయే కవి, గుండరాజు విషయంలో ఒక మాట ఎక్కువ రాసి ఉండడా? రాసి ఉండొచ్చు. అయితే గుండు, వరాహం నిజంగా జరిగినా జరగకపోయినా, 1163లో హనుమకొండ రాజు తన తండ్రి గురించి ఊరందరికీ ఏం తెలియాలనుకున్నాడో మాత్రం పక్కాగా తెలుస్తుంది. గుండరాజు వైపు నుంచి ఈ కథ చెప్పే రాయి లేదు. లాగ్ ఫైల్ ఒక సర్వర్‌లోదే మిగిలితే, తప్పంతా రెండో సర్వర్‌దే అని ఉంటుంది.

మంథని పడ్డాక మిగతావి వరసగా పడ్డాయి. జగ్గదేవుడు అనే రాజు హనుమకొండను ముట్టడించి ఏమీ చేయలేక వెనక్కి పోయాడని అదే శాసనం చెప్తుంది. ఇతను ఎవరన్నదాని మీద కూడా వాదన ఉంది. పొలవాస వంశం వాడని కొందరు, చాళుక్యుల కొలువులో ఉన్న పరమార రాకుమారుడని కొందరు అంటారు. తర్వాత రుద్రదేవుడు నగునూరు దొమ్మరాజును ఓడించాడు, మేడరాజును అణిచాడు, పొలవాస దేశం తీసుకున్నాడు. గోదావరి ఇవతలి నేల ఓరుగల్లు లెక్కలోకి వచ్చింది. కరీంనగర్ చుట్టూ ఉన్న సబ్బినాడును రుద్రదేవుడి మంత్రి వెల్లంకి గంగాధరుడు పాలించాడు. అతని కరీంనగర్ శాసనం 1170 నాటిది.

ఓడినవాళ్ళ దగ్గర భూమి ఒక్కటే తీసుకోలేదు. మాధవవర్మ గుర్తున్నాడు కదా? ఎనిమిది వేల ఏనుగుల మాధవవర్మను 1117లో తమ పూర్వీకుడని చెప్పుకున్నది మేళరసు. కొన్ని వందల ఏళ్ళ తర్వాత కాసె సర్వప్ప రాసిన సిద్ధేశ్వర చరిత్రలో ఆ మాధవవర్మ కాకతీయుల మూలపురుషుడైపోయాడు. పద్మాక్షి అమ్మవారి దయతో అతనికి బలం వచ్చిందని కథ. అంటే శాసనం ఉన్న గుట్ట అదే, తాత అదే, మనవళ్ళు మారిపోయారు. ఇది ఎవరో కావాలని చేశారని నేను అనను. రెండు ఇళ్ళ కథలు జనం నోట కలిసిపోయి ఉంటాయి. కానీ కలిసినప్పుడు నిలబడింది ఏ ఇంటి పేరో చూడండి.

ఇక్కడితో ఆగితే ఇది మన ఊరి ఓటమి కథ అవుతుంది. మంథని పేరు ఇంకో ముప్పై ఆరేళ్ళ తర్వాత మళ్ళీ వస్తుంది. అది అర్థం కావాలంటే గోదావరి వెంట పైకి, మహారాష్ట్ర దాకా పోవాలి.

చాళుక్యులు కూలిపోయాక వాళ్ళ సామంతులు తలా ఒక ముక్క పట్టుకున్నారు. తూర్పున కాకతీయులు. పడమర దేవగిరిలో సేవుణులు, యాదవులన్నా వాళ్ళే. ఔరంగాబాద్ దగ్గరి దౌలతాబాద్ కోటే అప్పటి దేవగిరి. ఒకప్పుడు ప్రోలరాజుకు, గుండరాజుకు మధ్య ఉన్న పరిస్థితే ఇప్పుడు పెద్ద సైజులో వచ్చింది. పైన ఉన్నవాడు పోయాడు, పక్కపక్కన ఇద్దరు మిగిలారు.

1195 ప్రాంతంలో రుద్రదేవుడు పోయి తమ్ముడు మహాదేవుడు రాజయ్యాడు. ఆ కొద్ది ఏళ్ళలో దేవగిరి రాజు జైతుగితో జరిగిన యుద్ధాల్లో కాకతీయులు ఘోరంగా ఓడిపోయారు. జైతుగి చేతిలో చనిపోయిన తెలుగు రాజు రుద్రదేవుడా, మహాదేవుడా, ఇద్దరూనా అని చరిత్రకారులు ఇంకా తర్కిస్తూనే ఉన్నారు. దేవగిరి వాళ్ళ రాతల్లో మాత్రం ఆ యుద్ధం ఒక యజ్ఞం, తెలుంగు రాజు అందులో బలి పశువు. అరవై డెబ్బై ఏళ్ళు తిరిగేసరికి వాత పెట్టినవాళ్ళ ఇల్లే బలి పశువు అయ్యింది. కవులు మారారు, పోలిక మాత్రం పశువు దగ్గరే ఉంది.

మహాదేవుడి కొడుకు గణపతిదేవుడు చిన్నవాడు. అతన్ని దేవగిరి చెరలో పెట్టారు. రాజు లేడు, వారసుడు జైల్లో. రాజ్యం ముక్కలైపోవాల్సిన టైం అది. గుండరాజు లెక్కన చూస్తే ఈ పిల్లవాడి కథ కూడా అక్కడే ముగియాలి. ఓరుగల్లులో సేనాపతి రేచర్ల రుద్రుడు సామంతులను అణిచి రాజ్యాన్ని పట్టి నిలిపాడు. కాకతి రాజ్యభారం మోసినవాడు అని అర్థం వచ్చే బిరుదు అతనికి అందుకే. 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించింది ఇతనే. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనందరం స్టేటస్ పెట్టుకున్న గుడి.

జైతుగి గణపతిదేవుణ్ణి వదిలేశాడు. ఊరికే వదలడమే కాదు, ఆంధ్ర దేశానికి రాజుగా నిలబెట్టాడని దేవగిరి వైపు రాతలు చెప్పుకుంటాయి. ఎందుకు వదిలాడన్నదానికి చాలా ఊహలున్నాయి. దక్షిణాన హొయసలులతో దేవగిరికి గట్టి పోటీ ఉంది. తూర్పు సరిహద్దులో ఎప్పుడూ మండే దేశం కంటే తమకు రుణపడిన రాజు ఉంటే మేలు అనుకుని ఉండొచ్చు. రేచర్ల రుద్రుడు ఉండగా ఓరుగల్లును మింగడం కుదరదని తెలిసి ఉండొచ్చు. నాకు రెండోది ఎక్కువ నమ్మబుద్ధి అవుతుంది. ఎదుటివాడి ఇంటి వెనక నిలబడేవాళ్ళు ఉంటేనే దయ గుర్తొస్తుంది. గుండరాజు వెనక ఎవరూ మిగల్లేదు.

విడుదలై వచ్చిన గణపతిదేవుడు రాజుగా కనిపించే మొదటి శాసనం తేదీ 1199 డిసెంబర్ 26. అది దొరికింది ఓరుగల్లులో కాదు, హనుమకొండలోనూ కాదు. మంథెనలో. మంత్రకూటం, మంథెన, మంథని, పేరు అరిగిపోయింది గానీ ఊరు అదే. అందులో గణపతిదేవుడి బిరుదు సకలదేశ ప్రతిష్ఠాపనాచార్యుడు, అంటే దేశాలన్నిటినీ మళ్ళీ నిలబెట్టినవాడు. నిన్నటిదాకా పరాయి రాజు చెరలో ఉన్న కుర్రవాడి బిరుదు ఇది! దేవగిరి వాళ్ళు మేం నిలబెట్టాం అంటుంటే, ఇటు రాయి అతనే అందరినీ నిలబెట్టాడు అంటోంది. ఇద్దరూ ఒకే సంఘటన గురించే మాట్లాడుతున్నారు.

మంథెనలోనే ఎందుకు అన్నది నా ఊహ మాత్రమే. దేవగిరి దిక్కు నుంచి గోదావరి వెంట దిగి వచ్చేవాళ్ళకు ఓరుగల్లు కంటే ముందు తగిలే పెద్ద ఊళ్ళలో ఇది ఒకటి. తాత తల గొరిగించి గెలిచిన ఊళ్ళో మనవడి పేరు నిలిచిందంటే, ఆ మధ్య కాలంలో ఈ నేల కాకతీయులకు పరాయి నేల కాకుండా పోయిందని అనుకోవచ్చు. గణపతిదేవుడు ఆ తర్వాత 1262 దాకా, అరవై ఏళ్ళకు పైగా ఏలాడు. కాకతీయుల్లో అంత కాలం ఏలినవాళ్ళు లేరు.

దేవగిరితో కథ అతనితో అయిపోలేదు. రుద్రమదేవి రాగానే దేవగిరి రాజు, ఇతని పేరు కూడా మహాదేవుడే, దండెత్తి వచ్చాడు. దేవగిరి మంత్రి హేమాద్రి ఏం రాశాడంటే, ఆడది కాబట్టి మా రాజు ఆమెను వదిలేశాడు అని. తెలుగులో ప్రతాపచరిత్ర ఏమంటుందంటే, రుద్రమ వాళ్ళను దేవగిరి దాకా తరిమింది అని. ఈసారి రెండు సర్వర్ల లాగ్‌లూ మిగిలాయి, అందుకే ఎవరి మాట ఎంతో బేరీజు వేసుకునే వీలుంది. బీదర్‌లో రుద్రమ సేనానుల్లో ఒకడి శాసనం దొరకడంతో చరిత్రకారులు మన వైపు కొంచెం ఎక్కువ మొగ్గారు.

ఇదంతా చదివాక అక్కకు నేనే ఒక బిట్ తయారుచేసి వాట్సాప్‌లో పంపాను. గణపతిదేవుడు రాజుగా కనిపించే తొలి శాసనం ఎక్కడిది? ఏ ఓరుగల్లు, బి మోటుపల్లి, సి మంథెన, డి పాలంపేట. రెండు నిమిషాలకు బి అని వచ్చింది. మోటుపల్లి శాసనం 1244 నాటిదని, సముద్ర వర్తకులకు ఇచ్చిన అభయమని రాసి, జవాబు సి అని పెట్టాను. చాలాసేపు టైపింగ్ అని చూపించింది. చివరికి, "మంథెన అంటే మన మంథనేనా?" అని అడిగింది.